పగటి నిద్ర ఎవరి కోసం?

పసిపిల్లల పగటి నిద్ర గురించి ఒక వారపత్రికలో రాయవలసినంత సంగతి ఏముంటుందని మీకు అనిపించవచ్చు. నిద్ర వస్తే పడుకుంటారు, రాకపోతే ఆడుకుంటారు, అంతే కదా అని మగవారు అనుకోవడం మరీ సహజం. కాని ఇద్దరు చంటిపిల్లలున్న ఇంట్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఒక్కరోజు కూర్చుని చూడండి. బుజ్జగింపు, బెదిరింపు, చిన్న చిన్న అబద్ధాలు, ఒకరివైపు మొగ్గు, ఒకరి కోసం ఇంకొకరు ఓర్చుకోవడం, అన్నీ ఆ కాస్త వేళలోనే కనబడతాయి. మంచిచెడ్డల ప్రశ్న ఆస్తి పంపకాలప్పుడో, పెళ్ళి సంబంధాలప్పుడో మాత్రమే ఎదురవుతుందనుకుంటాం. చాపా దిండూ వేసినప్పుడు కూడా ఎదురవుతుంది.

మీ ఇంట్లోనే అనుకోండి. పెద్దవాడికి రెండున్నరేళ్ళు. చిన్నదానికి పధ్నాలుగు నెలలు. చిన్నది పొద్దున ఆరింటికి లేచి పదిగంటలకల్లా కళ్ళు నలుపుకుంటుంది. పెద్దవాడు ఒంటిగంటకు గాని పడుకోడు. చిన్నదాన్ని పదింటికి పడుకోబెడితే పదకొండున్నరకు లేస్తుంది. అది లేచేసరికి పెద్దవాడికి అన్నం వేళ. వాడికి కన్ను అంటుకునే సమయానికి అది హుషారుగా వాడి జుట్టు పట్టుకుని లాగుతూ ఉంటుంది. వాడు లేచేసరికి దానికి మళ్ళీ నిద్ర. ఇలా పది నుంచి నాలుగు దాకా ఆ ఇంట్లో ఎవరో ఒకరు పడుకునే ఉంటారు, తల్లి నడుం మాత్రం వాలదు. చివరికి ఆమె ఒక నిర్ణయానికి వస్తుంది: ఇద్దరినీ రోజూ ఒకే వేళకు పడుకోబెట్టాలి.

మన ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఈ ఏర్పాటు పిల్లల కోసమా, తన కోసమా? తన కోసమే అయితే అందులో తప్పున్నదా? నిద్ర రాని బిడ్డను ఇంకొకరి వేళకు పడుకోమనడం న్యాయమేనా?

ముందు పిల్లల సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల విషయమై కొన్ని సూచనలు వెలువరించింది. ఒకటి రెండేళ్ళ పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలన్నది వాటిలో ఒకటి. మూడు నాలుగేళ్ళ వారికి 10 నుంచి 13 గంటలు. మన ఇళ్ళలో రాత్రి తొమ్మిదిన్నర పదింటికి గాని దీపం ఆర్పరు. పొద్దున ఆరున్నరకు పాలవాడి కేక, నీళ్ళ మోటారు, కుక్కర్ ఈల. రాత్రి నిద్ర తొమ్మిది గంటలైనా దక్కడం లేదన్నమాట. తక్కిన రెండు గంటలు పగలు తీరవలసిందే. మన పిల్లలకు పగటి నిద్ర గారాబం కాదు, రాత్రి మనం పెట్టిన బాకీ.

జూరిచ్‌లో పనిచేసిన బోర్బెలీ అనే శాస్త్రజ్ఞుడు 1982లో నిద్రను రెండు శక్తుల కలయికగా వివరించాడు. ఒకటి, మేలుకొని ఉన్న కొద్దీ కుండలో నీళ్ళలా పెరుగుతూ వచ్చే నిద్ర ఒత్తిడి. రెండోది ఒంట్లో ఉండే గడియారం. పెద్దవాళ్ళ కుండ నిండడానికి పగలంతా పడుతుంది. పసివాళ్ళది చిన్న కుండ, పూట గడిచేసరికి నిండుతుంది. నిండినప్పుడు పడుకోనివ్వకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. నిద్ర వేళ దాటిన బిడ్డ మగతగా ఉండడు, పిచ్చి హుషారుగా ఉంటాడు. మంచం మీంచి దూకుతాడు, గ్లాసు విసురుతాడు, చెల్లెల్ని గిల్లుతాడు. "వీడికి నిద్రే లేదండీ, ఎంత చలాకీయో!" అని మనం మురిసిపోతాం. అది చలాకీతనం కాదు, అలసట ముదిరిన లక్షణం.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రెబెక్కా స్పెన్సర్, ఆమె సహచరులు 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. బడికి వెళ్ళే ముందు వయసులో ఉన్న 40 మంది పిల్లలకు, ఏ బొమ్మ ఏ గడిలో ఉన్నదో గుర్తుపెట్టుకునే ఆట నేర్పారు. మధ్యాహ్నం పడుకున్న రోజున పిల్లలు ఆ ఆటను బాగా గుర్తుంచుకున్నారు. మేలుకొని ఉన్న రోజున మరిచిపోయింది ఆ రాత్రి నిద్రతో కూడా తిరిగి రాలేదు. మరో సంగతి కూడా తేలింది. ఈ మేలు ఎక్కువగా కనిపించింది రోజూ పగలు పడుకునే అలవాటున్న పిల్లల్లో. ఏదో ఒకరోజు వేళకాని వేళ పట్టుకొచ్చి పడుకోబెట్టినంత మాత్రాన అంత ఫలం ఉండదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

కాబట్టి నిద్ర పిల్లల అవసరమే. అందులో సందేహం లేదు. కాని ఇద్దరికీ ఒకే వేళ అన్నది మాత్రం తల్లి అవసరం. దీన్ని దాచిపెట్టి అంతా పిల్లల కోసమే అని చెప్పుకోవడం కంటే ఒప్పుకోవడమే మంచిది. ఒప్పుకున్నందువల్ల ఆమె చెడ్డ తల్లి కాదు.

అత్తగార్లు ఇక్కడ ఒక మాట అంటారు: "మా రోజుల్లో గడియారం చూసి పిల్లల్ని పడుకోబెట్టామా? నలుగురిని పెంచాం." నిజమే, పెంచారు. కాని ఆ రోజుల్లో ఇంట్లో నాయనమ్మ ఉండేది, పెళ్ళికాని మేనత్త ఉండేది, పక్కింటి పెద్దపిల్ల వచ్చి చంటిదాన్ని చంకనేసుకుని పోయేది. ఒకరు పడుకుంటే ఇంకొకరిని అరుగు మీద ఆడించడానికి మనిషి ఉండేది. గడియారం లేకపోయినా పొలం నుంచి మనుషులు అన్నానికి రావడమే గడియారం. ఇప్పుడు పట్నంలో రెండు గదుల అద్దె ఇంట్లో తల్లి ఒక్కతే. అప్పటి చేతులు పోయి అప్పటి మాట మాత్రం మిగిలింది. ఆ మాట అనేవారు కనీసం ఒక బిడ్డను ఆ గంటసేపు ఒళ్ళో పెట్టుకుంటే బాగుంటుంది.

ఈ ఒకే వేళ అన్నది ఎలా కుదురుతుందో కూడా చూడాలి. బలవంతాన ఒక్కరోజులో కుదరదు. ఏడాది దాటిన బిడ్డకు సాధారణంగా పగలు రెండు నిద్రలుంటాయి. ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య ఎప్పుడో అవి ఒకటవుతాయి. ఆ మార్పు దగ్గరపడినప్పుడు మాత్రమే మన ప్రయత్నం ఫలిస్తుంది. పదింటి నిద్రను మూడు నాలుగు రోజులకు ఒకసారి పావుగంట చొప్పున వెనక్కి జరుపుతూ రావాలి. పదింబావు, పదిన్నర, పదకొండు. మరీ తూలిపోతున్న రోజున పొద్దున ఇరవై నిమిషాల కునుకు పడనిచ్చి లేపాలి. ఇద్దరికీ అన్నం పదకొండున్నరకే పెట్టేయాలి. చిన్నదానికి మెత్తగా పప్పన్నం, పెద్దవాడికి నాలుగు ముద్దలు. తర్వాత చేతులు, కాళ్ళు, మూతి కడగడం, మూత్రానికి తీసుకెళ్ళడం, పొడి బట్ట వేయడం, కిటికీ రెక్కలు దగ్గరగా వేయడం, చాప పరవడం, జోకొట్టడం. రోజూ ఇదే వరస. ఇంతకంటే రహస్యం ఏమీ లేదు.

ఈ వరసలోనే ఉన్నది బలమంతా. రెండేళ్ళ బిడ్డకు గంటలు తెలియవు, పన్నెండు కొట్టిందంటే అర్థం కాదు. కాని కాళ్ళు కడిగాక కిటికీ మూస్తారని, కిటికీ మూశాక అమ్మ పక్కన కూర్చుంటుందని తెలుసు. అది బిడ్డకు మనం ఇచ్చిన మాట లాంటిది. నిన్న చేసినట్టే ఇవాళ చేస్తే ఆ మాట నిలిచినట్టు. నిన్న పన్నెండుకు, ఇవాళ రెండింటికి, రేపు అసలు లేదు, ఎల్లుండి చుట్టాలొచ్చారని నాలుగింటికి అంటే, బిడ్డ పేచీ పెట్టక ఏం చేస్తాడు? మాట తప్పింది మనం, మొండివాడని పేరు వాడికి.

మనం ఈ ఇల్లు చక్కబెట్టుకోవడానికి పనికొచ్చే ఒక పాత పుస్తకం ఉన్నది. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసుల కోసం రాసిన నియమావళి. అందులో 48వ అధ్యాయం పని, చదువు, విశ్రాంతి వేళల గురించి. పాస్కా పండుగ మొదలు అక్టోబరు దాకా, అంటే ఎండలు, పొలం పని ఉండే కాలంలో, మధ్యాహ్న భోజనం అయ్యాక సన్యాసులు తమ తమ పడకల మీద మౌనంగా విశ్రమించాలని ఆయన ఏర్పాటు చేశాడు. సూర్యోదయం నుంచి లెక్కించే ఆరో గంటను లాటిన్‌లో సెక్స్తా అంటారు. స్పెయిన్‌వారి పగటి నిద్ర పేరు సియెస్టా ఆ మాట నుంచే వచ్చింది. తెల్లవారుజామున లేచి ప్రార్థనకు వచ్చి, పొలంలో ఒళ్ళు వంచే మనుషులకు మధ్యాహ్నం నడుం వాల్చడం బద్ధకం అని ఆయన అనుకోలేదు.

అదే చోట ఆయన ఇంకొక చిన్న మినహాయింపు పెట్టాడు. నాకు ఎంతో ఇష్టమైనది అదే. ఎవరికైనా నిద్ర రాక చదువుకోవాలనిపిస్తే చదువుకోవచ్చు, కాని పక్కవారికి ఇబ్బంది కలగకుండా చదువుకోవాలి. అంతే. నిద్రపోయి తీరాలని ఎవరినీ నిర్బంధించలేదు. నిశ్శబ్దాన్ని మాత్రం అందరి సొత్తుగా చేశాడు.

మన పెద్దవాడి సమస్యకు ఇందులో జవాబున్నది. మూడేళ్ళు దాటుతుంటే కొందరు పిల్లలకు పగటి నిద్ర తగ్గుతుంది. కొందరికి అయిదేళ్ళ దాకా ఉంటుంది. నిద్ర రాని బిడ్డను కళ్ళు మూసుకోమని గదమాయించడం వ్యర్థం. నిద్ర అనేది మన ఆజ్ఞ మీద వచ్చేది కాదు. వాడికి వేరే చోట, చిన్నదానికి దూరంగా, ఇంకో చాప వేయండి. ఒక బొమ్మల పుస్తకమో, నాలుగు చెక్కముక్కలో చేతికివ్వండి. "చెల్లి లేచేదాకా ఇది నీ చోటు, నీ ఇష్టం వచ్చినట్టు ఉండు, గొంతు మాత్రం పెంచకు" అనండి. మొదటిరోజు అయిదు నిమిషాలు ఉంటాడు. పది రోజుల తర్వాత అరగంట ఉంటాడు. అలా పడుకుని బొమ్మలు చూస్తూనే చాలాసార్లు నిద్రపోతాడు.

వాడి విషయంలో ఇంకొక అన్యాయం జరుగుతుంది. అది మనకు కనబడనంత చిన్నది. "నువ్వు పెద్దవాడివి కదా" అంటాం. రెండున్నరేళ్ళవాడు పెద్దవాడు! నిన్నటిదాకా వాడే ఒళ్ళో ఉన్నాడు. చెల్లెలు పుట్టిన రోజునే వాడికి పెద్దరికం అంటగట్టాం. చెల్లిని జోకొడుతున్నంతసేపు వాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉంటాడు, సరిగ్గా ఆమె కళ్ళు మూతలు పడే సమయానికి "అమ్మా!" అని కేకేస్తాడు. కావాలనే చేశాడని వీపు మీద ఒకటి పడుతుంది. కావాలనే చేశాడు, నిజమే. ఎందుకు చేశాడో అడగం. పది నిమిషాలు ముందుగా వాడి దగ్గర కూర్చుని వాడికొక కథ చెప్పి, ఆ తర్వాత చెల్లి దగ్గరికి వెళ్ళి చూడండి. ఇద్దరికీ సమానంగా చేయడం వేరు, ఇద్దరికీ న్యాయం చేయడం వేరు. చిన్నదానికి జోల కావాలి, వాడికి వంతు కావాలి. బెనెడిక్టు 37వ అధ్యాయంలో ముసలివారికీ పిల్లలకూ నియమం కఠినత తగ్గించమన్నాడు, భోజన వేళ దాకా ఆగలేకపోతే ముందుగానే పెట్టమన్నాడు. మఠాన్ని నడిపినవాడే పిల్లల కోసం గంట ముందుకు జరపగలిగితే, ఇంటి యజమానురాలు పావుగంట జరపలేదా?

ఇక నిద్రపుచ్చే పద్ధతుల మాట. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్పదలిచాను.

మొదటిది భయం. బూచాడు వస్తాడు, పోలీసు వస్తాడు, సూదిమందు పొడిచే డాక్టరు వస్తాడు. మన కతోలిక ఇళ్ళలో దీనికి తోడు ఇంకొకటి: "పడుకోకపోతే ఫాదర్‌గారికి చెబుతాను." ఆదివారం పూట ఆ పిల్లవాడు ఫాదర్‌గారిని చూడగానే తల్లి కొంగు చాటున దాక్కుంటే, సిగ్గరి అని నవ్వుకుంటాం. అంతకంటే ఘోరం, దేవుడు కళ్ళు పోగొడతాడనడం. పసిబిడ్డ మనసులో దేవుడి మొదటి బొమ్మ ఎవరు గీస్తున్నారు? సత్యోపదేశం తరగతిలో టీచరు కాదు, మధ్యాహ్నం చాప పక్కన కూర్చున్న మనమే. భయంతో కళ్ళు మూసుకున్న బిడ్డ నిద్రపోయాడని అనుకోకండి. నక్కి ఉన్నాడంతే.

రెండోది అబద్ధం. "నేను ఎక్కడికీ వెళ్ళను, నీ పక్కనే ఉంటాను, పడుకో." కన్ను అంటుకోగానే మెల్లగా లేచి తలుపు దగ్గరగా వేసి బజారుకు. ఇది అబద్ధమా అని మీరు అడగవచ్చు. పునీత అగస్టీను అబద్ధం గురించే ఒక గ్రంథం రాసి, మేలు కోసం ఆడినా సరే అబద్ధం తగదన్నాడు. పునీత తోమాసు అక్వినాసు కూడా అబద్ధం పాపమే అన్నాడు గాని, ఒకరి మేలు కోసం ఆడినదాన్ని కీడు చేయాలని ఆడినదానికంటే తేలికైన తప్పుగా లెక్కగట్టాడు. పండితులకు ఆ చర్చ వదిలేద్దాం. బిడ్డ వైపు నుంచి చూడండి. వాడు లేస్తాడు, పక్కన అమ్మ లేదు. ఇలా నాలుగుసార్లు జరిగితే అయిదోసారి వాడు కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని పడుకుంటాడు. వేళ్ళు విడదీయబోతే ఉలిక్కిపడి లేస్తాడు. మీలో చాలామంది ఆ పిడికిలిని చూసే ఉంటారు. అమ్మమీద ప్రేమ అనుకుంటాం. ప్రేమ ఉన్నది, దానితో పాటు అపనమ్మకం కూడా ఉన్నది. "నువ్వు పడుకో, నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటాను, లేవగానే పిలువు, వస్తాను" అని నిజం చెప్పండి. పిలిచినప్పుడు వెళ్ళండి. మొదటి వారం ఏడుస్తాడు. తర్వాత గిన్నెల చప్పుడు వింటూ నిద్రపోతాడు.

మూడోది మందు. ఈ మాట ఎత్తితే మా ఇంట్లో అలాంటివి లేవంటారు. జలుబు లేకపోయినా జలుబు సిరప్ ఒక చెంచా పోస్తే బాగా పడుకుంటాడన్న మాట మీ చెవిన పడలేదా? 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణాధికారి, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసా మీద హెచ్చరిక ముద్రించమని ఆదేశించారు. జబ్బుకు ఇవ్వడానికే అంత జాగ్రత్త కావలసినదాన్ని మన తీరిక కోసం పోయడం ఏ విధంగానూ సమర్థించలేం.

అయితే ఇక్కడ తల్లుల మీద రాయి వేసే ముందు ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. బొంబాయి బట్టల మిల్లుల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు వెనకటికి చంటిబిడ్డలకు చిటికెడు నల్లమందు పెట్టి పోయేవారు. దానికి బాల గోలీ అని ముద్దుపేరు కూడా ఉండేది. భారతదేశ కార్మికుల స్థితి మీద విట్లీ అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ 1931 నాటి నివేదికలో ఈ ఆచారాన్ని ప్రస్తావించి, మిల్లుల దగ్గర పసిపిల్లల గదులు ఉండాలన్నది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట అలాంటి గది తప్పనిసరి చేసింది. ఆ తల్లులు బిడ్డల మీద ప్రేమ లేక ఆ పని చేయలేదు. పది గంటలు మగ్గం దగ్గర నిలబడే మనిషికి బిడ్డను చూసే ఇంకో చెయ్యి ఎవరూ ఇవ్వలేదు. నల్లమందు తప్పే. కాని ఆ తప్పులో వాటా మిల్లు యజమానికి ఎంత, ఊరికి ఎంత అన్నది కూడా లెక్క వేయాలి.

ఇప్పటి నల్లమందు చేతిలో ఇమిడే ఫోను. అది చూపిస్తే బిడ్డ కదలడు, కాని పడుకోడు కూడా. ఏడాది బిడ్డకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించవద్దని పైన చెప్పిన 2019 సూచనల్లోనే ఉన్నది. దీని గురించి ఇదివరకే అందరూ రాశారు, నేను పొడిగించను.

ఇద్దరు పిల్లల పగటి నిద్ర తల్లికీ పిల్లలకూ మధ్య వ్యవహారమని మనం అనుకుంటున్నాం. అదే పొరపాటు. ఆ వేళను పాడుచేసేది చాలావరకు ఇంట్లోని పెద్దవాళ్ళే. ఒంటిగంటకు భోజనానికి వచ్చిన తండ్రి, అప్పుడే కళ్ళు మూతలు పడుతున్న కొడుకును ఎత్తుకుని గాలిలోకి నాలుగుసార్లు ఎగరేసి, ముద్దుపెట్టి, స్కూటరెక్కి పోతాడు. ఆయనకు అది పది నిమిషాల ఆనందం. ఆమెకు రెండు గంటల ఏడుపు. తండ్రులు పిల్లలకు కోపం రేపవద్దని పౌలు ఎఫెసీయులకు రాసిన లేఖలో హితవు చెప్పాడు. తల్లులకు రేపవద్దని విడిగా చెప్పలేదు, అర్థం చేసుకుంటారని కాబోలు. తాతగారికి మధ్యాహ్నం వార్తలు వినాలి, చెవి కాస్త మందం, కాబట్టి టీవీ వీధి చివరికి వినబడుతుంది. పక్కింటావిడ సరిగ్గా ఆ సమయానికే కరివేపాకు కోసం తలుపు కొడుతుంది. వీళ్ళెవరికీ చెడు ఉద్దేశం లేదు. కాని ఇద్దరు పసివాళ్ళను నియమం పాటించమని మనం అడుగుతున్నప్పుడు, అరవై ఏళ్ళవారూ ముప్ఫై అయిదేళ్ళవారూ గంటన్నర దాన్ని పాటించలేకపోతే ఎలా?

విచారణలో కూడా కొంచెం ఆలోచించాలి. ఆదివారం ఎనిమిదిన్నర పూజకు పిల్లల్ని తయారు చేయడానికి తల్లి అయిదింటికి లేస్తుంది. పూజ, ప్రసంగం, ఆ తర్వాత ప్రకటనలు. పెళ్ళి చాటింపులు, సభల కబుర్లు, చందా ఇచ్చినవారి పేర్లు. పదిన్నరకు చంటిది గొంతెత్తి ఏడుస్తుంది. ముందు వరుసలో వారు వెనక్కి తిరిగి చూస్తారు. ఆ బిడ్డకు భక్తి లేక కాదు, నిద్ర వేళ దాటింది. ప్రకటనలు చదివే పెద్దలు ఈ ముక్క దయతో గమనించాలి. జ్ఞానస్నానం విందుకు పన్నెండింటికి రమ్మని పిలిచి రెండున్నరకు విస్తరి వేసే ఇళ్ళవారు కూడా.

అలాగని నియమం విగ్రహం కాకూడదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళినవారు చూసే ఉంటారు, మైకులు, గంటలు, కొబ్బరికాయలు, వేలమంది జనం మధ్య కొండ కింద చీర పరుచుకుని తల్లి పక్కన పిల్లలు హాయిగా నిద్రపోతుంటారు. క్రిస్మస్ రాత్రి గుడిలో నేల మీద పడుకున్న పిల్లల్ని దాటుకుని మనం దివ్యసత్ప్రసాదానికి వెళతాం. ఒకటి రెండు రోజులు వరస తప్పితే బిడ్డకు ఏమీ కాదు. నిద్రవేళ అని తాతగారి వర్ధంతికి రాకుండా మానేయడం, చుట్టం వస్తే మొహం ముడుచుకోవడం అతి. పండుగ పండుగే. మర్నాడు మళ్ళీ పదకొండున్నరకు అన్నం పెట్టడమే చేయవలసింది.

ఈ విషయం రాస్తుంటే నాకు ఇంకొక రకం ఇళ్ళు గుర్తుకొస్తున్నాయి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన తల్లులు మన విచారణల్లోనూ ఉన్నారు. అక్కడ పరాయి బిడ్డలను వేళ తప్పకుండా పడుకోబెట్టడం వారి ఉద్యోగం. ఇక్కడ వారి బిడ్డలు అమ్మమ్మ దగ్గర. మోకాళ్ళ నొప్పులతో ఉన్న ఆ అమ్మమ్మ ఒక బిడ్డను పడుకోబెడుతుంటే రెండోది వీధిలోకి పరుగెడుతుంది. సంఘంలో సేవ చేయాలనుకునే యువతులు, మరియదళం సభ్యులు ఇలాంటి ఇంటికి వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్ళి ఒక బిడ్డను ఆడిస్తే, అది జబ్బు మనిషిని చూసి రావడానికి తీసిపోదు.

మళ్ళీ తల్లి దగ్గరికి వద్దాం. పిల్లలిద్దరూ పడుకున్నారు. ఒంటిగంట. ఇప్పుడు ఆమె ఏం చేస్తుంది? మామూలుగా అయితే అంట్లు తోముతుంది, బట్టలు ఆరేస్తుంది, పప్పు నానబోస్తుంది, వాళ్ళు లేచేలోగా ఇల్లు ఊడ్చాలని పరుగెడుతుంది. అంటే పిల్లలు పడుకున్న గంట కూడా ఇంటిదే అయింది. కాసేపు పడుకుంటే ఎవరో ఏదో అంటారని భయం. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులు తిరిగి తిరిగి వస్తారు. వచ్చేపోయే జనంతో వారికి తినడానికి కూడా తీరిక లేదని సువార్తికుడు ప్రత్యేకంగా రాశాడు. అప్పుడు క్రీస్తు ప్రభువు వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రమించమన్నాడు. ముందు పని పూర్తి చేసి రమ్మనలేదు. ఆ జనం పని ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఇద్దరు పిల్లల ఇంట్లో పనీ అంతే.

కాబట్టి ఆ గంటన్నరలో సగమైనా ఆమెది కావాలి. పడుకుంటుందో, పత్రిక చదువుకుంటుందో, జపమాల చెప్పుకుంటుందో, ఊరికే కిటికీలోంచి చూస్తుందో ఆమె ఇష్టం. అంట్లు సాయంత్రం ఆయన వచ్చాక కూడా తోమవచ్చు. ఆయన కూడా తోమవచ్చు. విశ్రాంతి దొరికిన తల్లి మూడింటికి లేచిన పిల్లలకు దొరుకుతుంది. దొరకనిది అయిదింటికల్లా చెయ్యి చేసుకుంటుంది. ఏర్పాటు ఎవరి కోసం అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. తన కోసం అని ఆమె నిస్సంకోచంగా చెప్పవచ్చు, బిడ్డను బెదిరించకుండా, మోసం చేయకుండా, మత్తు పెట్టకుండా, పెద్దవాడి వంతు కాజేయకుండా ఆ గంటను సంపాదించుకున్నంత కాలం.

ఈ రోజులు ఎక్కువ కాలం ఉండవు. మూడేళ్ళకే నర్సరీలో వేస్తున్నాం. మధ్యాహ్నం మూడు గంటలకు బడి ఆటోలు వస్తుంటే చూడండి, మెడలు వాలిపోయి ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్న పిల్లలు. దింపుకుని మొహం కడిగి ట్యూషన్‌కు పంపుతున్నాం. నాలుగేళ్ళవాడికి ట్యూషన్ ఎందుకో నాకు అర్థం కాదు. ఆటో దిగిన పిల్లవాణ్ణి ఓ అరగంట పడుకోనివ్వండి. నాలుగున్నర దాటనివ్వకండి, దాటితే రాత్రి పదకొండింటికి మిమ్మల్ని కథ చెప్పమంటాడు. చెల్లి ఇంట్లో ఇంకా పడుకునే వయసులోనే ఉంటే, వాణ్ణి గట్టిగా పిలవకుండా గుమ్మంలోనే చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్ళండి.